వేషం విప్పని వస్తాదులు
(‘న్యూ వరల్డ్ ఆర్డర్’ కుస్తీ ముఠా ఉత్థాన పతనాలు)

2023 సెప్టెంబరు 8వ తేదీన మన హైదరాబాదు నగరంలో, గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూ.డబ్ల్యూ.ఇ. అనే అమెరికా కుస్తీ సంస్థ ఒక ప్రదర్శన ఇచ్చింది. జాన్ సీనా వంటి జగత్ప్రసిద్ధులైన మల్లులు అందులో పాల్గొన్నారు. ఆ తరువాత కొన్నాళ్లపాటు మా కళాశాల ఆవరణలో ఎక్కడ నలుగురు విద్యార్థులు చేరినా ఒకటే చర్చ. అది నిజమైన కుస్తీయా, లేక ముందుగా కూడబలుక్కొని ఆడే నాటకమా? పాతబస్తీ తాలీములలో మట్టి పూసుకొని పెరిగిన కుటుంబాలవారు అది కుస్తీయే కాదని కొట్టిపారేశారు. చిన్ననాట ఆ మల్లుల బొమ్మలున్న కార్డులతో ఆడుకొన్నవారు అంత తేలికగా ఒప్పుకోలేదు. వాదోపవాదాలు జరిగాయి గాని సమస్య తేలలేదు.

ఆ ప్రశ్న అడగవలసిన తీరు అది కాదని మా అభిప్రాయం. అది నాటకమేనని ఆ నాటకం ఆడేవారే ఏనాడో ఒప్పుకొన్నారు. ఇక తెలుసుకోవలసినది వేరొకటి ఉన్నది. నాటకమని తెలిసి కూడ లక్షలాది జనం దానిని ఎందుకు నమ్మారు? నమ్మినవారు మళ్లీ ఎందుకు విసిగిపోయారు? ఈ రెండు ప్రశ్నలకూ ఒకే కథలో సమాధానం దొరుకుతుంది. 1996లో అమెరికాలో పుట్టి, రెండేళ్లు ఆ దేశపు కుస్తీ రంగాన్ని ఏలి, తనను కన్న సంస్థ పతనానికి కూడ ఒక కారణమైన ‘న్యూ వరల్డ్ ఆర్డర్’ అనే ముఠా కథ అది. దానిని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నూరా కుస్తీ

ఉర్దూలో ‘నూరా కుస్తీ’ అని ఒక పలుకుబడి ఉన్నది. ఇద్దరు వస్తాదులు లోపాయికారీగా ఒక అవగాహనకు వచ్చి, పైకి మాత్రం హోరాహోరీగా తలపడినట్లు కనిపించే పోటీకి ఆ పేరు. అమెరికాలోని వృత్తి కుస్తీ మొత్తం ఈ నూరా కుస్తీయే. ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందుగానే నిర్ణయమై ఉంటుంది. అయితే ఆ రహస్యాన్ని బయటపెట్టరాదన్నది ఆ వృత్తిలో ఒక కట్టుబాటు. దానిని వారు ‘కేఫేబ్’ అంటారు. గోదాలో శత్రువులుగా కనిపించే ఇద్దరు బయట ఒకే కారులో ప్రయాణం చేయడం కూడ ఒకప్పుడు తప్పుగా ఎంచబడేది.

ఈ కట్టుబాటును మొదట సడలించినవారు ప్రదర్శకులే. 1989లో న్యూ జెర్సీ రాష్ట్రంలో, నాటి ప్రముఖ సంస్థ డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. వారు తమది క్రీడాపోటీ కాదనీ, వినోద ప్రదర్శన మాత్రమేననీ ప్రభుత్వానికి విన్నవించుకొన్నారు. క్రీడాపోటీలకు వర్తించే నియంత్రణల నుండి తప్పించుకోవడమే అందులోని పరమార్థం. ఒక్క మాట ఇక్కడ చెప్పక తప్పదు. ఫలితం ముందే నిర్ణయమైనా, పడే దెబ్బ మాత్రం పడుతుంది. విరిగిన ఎముక నిజంగానే విరుగుతుంది.

ఈ నాటకానికి ప్రాణం వేషం. అమెరికా కుస్తీ పరిభాషలో దీనిని ‘గిమిక్’ అంటారు. మంచివాడు, చెడ్డవాడు అన్న విభజన మొదటిది. మంచివాడిని ‘బేబీఫేస్’ అనీ, చెడ్డవాడిని ‘హీల్’ అనీ పిలుస్తారు. దానిపైన ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాత్ర. 1990ల తొలి సంవత్సరాలలో ఈ వేషాలు హాస్యాస్పదమైన స్థాయికి చేరుకొన్నాయి. ఒకరు పన్ను వసూలు చేసే అధికారి వేషం, మరొకరు చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికుని వేషం, ఇంకొకరు సర్కస్ విదూషకుని వేషం కట్టారు. పసిపిల్లలు ఆనందించారేమో గాని, వయసు వచ్చిన ప్రేక్షకుడు పెదవి విరిచాడు. ఇటువంటి తరుణంలో, వేషంలా కనిపించని వేషమొకటి రంగప్రవేశం చేసింది.

జపానులో దొరికిన బీజం

నాటి అమెరికాలో రెండు కుస్తీ సంస్థలు ఒకదానితో ఒకటి పోటీపడుతుండేవి. విన్స్ మెక్‌మాన్ యాజమాన్యంలోని డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. మొదటిది. టెలివిజన్ రంగ దిగ్గజం టెడ్ టర్నర్ 1988లో కొనుగోలు చేసిన, అట్లాంటా నగరం కేంద్రంగా ఉన్న డబ్ల్యూ.సి.డబ్ల్యూ. రెండవది. రెండవ సంస్థకు ధనబలం ఉన్నది గాని జనాదరణ లేదు. దాని నిర్వహణ ఎరిక్ బిషాఫ్ అనే యువకుని చేతికి వచ్చింది. అతడు 1994లో నాటి మహానటుడనదగిన మల్లుడు హల్క్ హోగన్‌ను తన సంస్థకు రప్పించాడు. 1995 సెప్టెంబరు 4న ‘మండే నైట్రో’ అనే కార్యక్రమాన్ని ప్రారంభించి, ప్రత్యర్థి సంస్థ కార్యక్రమం ‘మండే నైట్ రా’ ప్రసారమయ్యే సోమవారం రాత్రికే దానిని ఎదురు నిలిపాడు. ప్రత్యర్థి కార్యక్రమం అనేక వారాలు ముందుగా చిత్రీకరించినది. నైట్రో మాత్రం ప్రత్యక్ష ప్రసారం. ఈ అవకాశాన్ని బిషాఫ్ వదలలేదు. అవతల రాబోయే ఫలితాలను ఇవతల ముందుగానే చెప్పించి, ఎదుటివారి ఉత్కంఠను చప్పబరచేవాడు.

ముఠా ఆలోచన అతనికి జపాను నుండి వచ్చింది. 1995 అక్టోబరు 9న టోక్యో డోమ్‌లో న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ సంస్థకూ, యు.డబ్ల్యూ.ఎఫ్. ఇంటర్నేషనల్ అనే మరో సంస్థకూ మధ్య పోటీలు జరిగాయి. ఒక సంస్థ మల్లులు మరొక సంస్థపై దండెత్తి వచ్చినట్లుగా ఆ కథ నడిచింది. అరవై వేలకు పైగా జనం హాజరైనారు. ఇద్దరు వ్యక్తుల కలహం కంటే రెండు ఇళ్ల మధ్య వైరం జనాన్ని ఎక్కువగా కదిలిస్తుందని బిషాఫ్ గ్రహించాడు. దండెత్తి రావడానికి మరొక సంస్థ కావాలి. నిజంగానే ప్రత్యర్థి సంస్థ ఒకటి ఎదురుగా ఉన్నది. ఆ సంస్థలో పేరు తెచ్చుకొన్న ఇద్దరు మల్లులు, స్కాట్ హాల్, కెవిన్ నాష్ అనువారు, అక్కడి ఒప్పందం ముగించుకొని తన వద్దకు వస్తున్నారు. ఇంకేమి కావాలి?

మేకన్ నుండి డేటోనా బీచ్ వరకు

1996 మే 27. జార్జియా రాష్ట్రంలోని మేకన్ పట్టణం. ఇద్దరు అంతగా పేరులేని మల్లులు తలపడుతున్నారు. ప్రేక్షకుల మధ్య నుండి మామూలు జీన్సు దుస్తులలో ఒక మనిషి కంచె దాటి వచ్చి, రింగులోకి ఎక్కి, మైకు అందుకొన్నాడు. అతడు స్కాట్ హాల్. అతని రాకకు సంగీతం లేదు, దీపాల వెలుగు లేదు, పరిచయ వాక్యం లేదు. తానెవరో ప్రేక్షకులకు తెలుసుననీ, ఎందుకు వచ్చాడో మాత్రం తెలియదనీ అంటూ యుద్ధం ప్రకటించాడు. సాగుతున్న పోటీ మధ్యలోనే ఆగిపోయింది.

ఆ దృశ్యంలోని చమత్కారాన్ని మనం జాగ్రత్తగా గమనించాలి. హాల్ తన పేరు చెప్పలేదు. అంతకు ముందు వరకు అతడు ప్రత్యర్థి సంస్థలో ‘రేజర్ రామన్’ అనే పాత్రధారి. ఆ పాత్ర అక్కడివారి ఆస్తి. పేరు చెబితే న్యాయస్థానం, చెప్పకపోతే సందేహం. ఆ సందేహమే కథకు పెట్టుబడి అయింది. ఇతనిని అవతలి సంస్థే పంపిందా? ఇది కథలో భాగమా, లేక నిజమైన గొడవా? జూన్ 10న కెవిన్ నాష్ కూడ వచ్చి చేరాడు. డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. వారు నిజంగానే దావా వేశారు. వారు వేసిన దావా సైతం చూసేవారి అనుమానానికి ఆజ్యం పోసింది.

తమకు మూడవ భాగస్వామి ఒకడున్నాడని ఇద్దరూ ప్రకటించారు. జూలై 7న ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో స్టింగ్, లెక్స్ లూగర్, ర్యాండీ సావేజ్ అనే ముగ్గురు ఇంటి మల్లులతో పోటీ. మూడవవాడు రాలేదు. ఇద్దరే తలపడ్డారు. చివరకు హల్క్ హోగన్ నడచి వచ్చాడు. ప్రేక్షకులు లేచి జయజయధ్వానాలు చేశారు. 1984 నుండి అతడు మంచివారిలో కెల్ల మంచివాడు. ఎరుపు, పసుపు దుస్తులు ధరించి, పిల్లలను ప్రార్థనలు చేయండి, విటమిన్లు తినండి అని హితవు చెప్పేవాడు. అటువంటి హోగన్ రింగులోకి ఎక్కి, నేలపై పడి ఉన్న తన మిత్రుడు సావేజ్ మీదనే కాలు విసిరి పడ్డాడు. ఆ మూడవ భాగస్వామి ఇతడే!

క్షణకాలం సభ నివ్వెరపోయింది. మరుక్షణం కాగితపు గ్లాసులు, సీసాలు, చెత్త కాగితాలు రింగులో వర్షించాయి. ఆ చెత్త నడుమ నిలబడి హోగన్ తమ ముఠాకు పేరు పెట్టాడు: కుస్తీ రంగపు నూతన ప్రపంచ వ్యవస్థ, అనగా ‘న్యూ వరల్డ్ ఆర్డర్’. గల్ఫ్ యుద్ధపు రోజులలో, అంటే 1990-91లో, అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ తన ఉపన్యాసాలలో వాడగా లోకమంతటా వినిపించిన మాట అది. అగ్రరాజ్యపు నినాదం కుస్తీ ముఠా బిరుదమైంది.

ఎనభై మూడు వారాలు

ఆ తరువాత జరిగినదంతా ఒక పద్ధతి ప్రకారం జరిగింది. ముఠాకు రంగులు రెండే, నలుపు, తెలుపు. హోగన్ గడ్డానికి నల్లరంగు వేసి, ‘హాలీవుడ్’ హోగన్ అని పేరు మార్చుకొన్నాడు. ఆగస్టు 10న సౌత్ డకోటాలోని స్టర్జిస్‌లో ఛాంపియన్ బెల్టు గెలిచి, దానిపై నల్లరంగు స్ప్రేతో ముఠా పేరు వ్రాశాడు. ఓడిపోయినవారి వీపులపైన కూడ అదే వ్రాత. కార్యక్రమం మధ్యలో మసకబారిన నలుపు తెలుపు దృశ్యాలతో ముఠావారి ప్రకటనలు వచ్చేవి. డబ్బు చెల్లించి ప్రసార సమయాన్ని వారే కొన్నట్లు వాటిని చూపించేవారు. అవి చూస్తే వార్తాచిత్రమో, దొంగచాటుగా తీసిన చిత్రమో అన్నట్లుండేవి. ఒకసారి తెరవెనుక, వాహనాలు నిలిపే చోట, కెవిన్ నాష్ తనకంటె ఎంతో చిన్నవాడైన రే మిస్టీరియోను ఎత్తి ఒక వాహనం గోడకేసి విసిరికొట్టగా, నిజమనుకొని కొందరు పోలీసులకు ఫోన్ చేశారని చెప్పుకొంటారు.

మన పల్లెలలో పగటివేషగాండ్ల సంగతి పెద్దలకు తెలిసినదే. రంగస్థలం లేదు, తెర లేదు. పట్టపగలు వీధిలో ఒక అమీను గారో, జవాను గారో వచ్చి గద్దిస్తే నిజమైన అధికారేనని భయపడినవారున్నారు. న్యూ వరల్డ్ ఆర్డర్ ఆడినది సరిగా ఈ ఆటే. రంగస్థలపు హద్దు చెరిపివేయడంలోనే దాని బలమంతా ఉన్నది. వేషం వేసినవారు వేషం వేయలేదన్నట్లుగా నటించారు.

ఫలితం ఊహించనలవి గానిది. 1996 జూన్ నుండి 1998 ఏప్రిల్ వరకు వరుసగా 83 వారాలు నైట్రో కార్యక్రమం ప్రేక్షకుల సంఖ్యలో రా కార్యక్రమాన్ని ఓడించింది. ముఠా పేరున్న నల్ల చొక్కా వీధి వీధినా కనిపించింది. విచిత్రమేమిటంటే, చెత్త విసిరిన ప్రేక్షకులే కొద్ది నెలలలో ఆ చొక్కా కొని తొడుక్కొన్నారు. జపాను నుండి తెచ్చిన బీజం మళ్లీ జపానుకే చేరి, 1997లో అక్కడ మసాహిరో చోనో నాయకత్వంలో ముఠాకు శాఖ ఏర్పడింది. బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు డెనిస్ రాడ్‌మన్ అదే సంవత్సరం హోగన్ పక్షాన రింగులో దిగాడు. 1996 నవంబరులో సాక్షాత్తు బిషాఫ్ తానూ ముఠా మనిషినేనని కథలో వెల్లడించాడు. కథ వ్రాసేవాడే కథలో చెడ్డవాడైనాడు. ఇది ఆనాటికి గొప్ప ఎత్తుగడ. అయితే చేటుకు బీజం కూడ ఇక్కడే పడింది.

ఎదురుచూపుకు దక్కని ఫలం

మన పద్యనాటకాలలో దుర్యోధన పాత్రధారికి ఎన్ని చప్పట్లు వచ్చినా, ఎన్నిసార్లు ‘వన్స్‌మోర్’ కొట్టినా, చివరకు గదాయుద్ధంలో అతడు తొడలు విరిగి పడవలసినదే. చప్పట్లు వచ్చాయి కదా అని దుర్యోధనుడు పడనంటే నాటకం ముగియదు, మంగళం పాడడానికి వీలుండదు. ప్రతినాయకుని విధి ఓడిపోవడం. ఎంత గర్వంగా నిలిచాడో అంత ఘోరంగా పడితేనే అప్పటివరకు ప్రేక్షకుడు పడిన బాధకు ఫలం దక్కుతుంది.

డబ్ల్యూ.సి.డబ్ల్యూ. వారి వద్ద ఇందుకు తగిన నాయకుడు ఉన్నాడు. అతడే స్టింగ్. తన వేషం కట్టిన మోసగాడిని ముఠావారు ప్రవేశపెట్టగా, సొంత మిత్రులు సైతం తనను అనుమానించినందుకు నొచ్చుకొని అతడు మౌనం దాల్చాడు. ముఖానికి నలుపు తెలుపు రంగులు పూసుకొని, చేత పొడవాటి బ్యాటు పట్టి, ప్రదర్శనశాల పైకప్పు దూలాల మీద నిలబడి కిందికి చూస్తూ ఉండేవాడు. ఏడాదికి పైగా అతడు పోటీ చేయలేదు. ఒక మనిషి ఊరక నిలబడి చూస్తుంటే, అతనికోసం దేశమంతా ఎదురుచూసింది. కుస్తీ కథనంలో ఇంత ఓపికగా అల్లిన అల్లిక అరుదు.

1997 డిసెంబరు 28న వాషింగ్టన్ నగరంలో ‘స్టార్‌కేడ్’ పేరిట హోగన్, స్టింగ్‌ల పోటీ జరిగింది. కథ ప్రకారం రిఫరీ ముఠాకు అమ్ముడుపోయి, స్టింగ్ భుజాలు నేలకానినప్పుడు మూడంకెలు త్వరత్వరగా లెక్కించాలి. ఆ అన్యాయాన్ని బ్రెట్ హార్ట్ అనే మల్లుడు అడ్డుకోవాలి. తీరా లెక్క మామూలు వేగంతోనే సాగింది. చూసినవారికి హోగన్ న్యాయంగా గెలిచినట్లే కనిపించింది. ఆ పిమ్మట హార్ట్ వచ్చి అన్యాయమని కేకలు వేసి పోటీ మళ్లీ జరిపించగా స్టింగ్ గెలిచాడు. కాని ఆ గెలుపులో రుచి లేదు. లెక్క ఎందుకు అలా జరిగిందన్న వివాదంలో ఒక్కొక్కరిది ఒక్కొక్క మాట. అది చాలదన్నట్లు కొద్ది రోజులకే ఆ ఫలితం వివాదాస్పదమని కథలో ప్రకటించి, బిరుదును ఖాళీ చేశారు. పదిహేను నెలలు వండిన వంట వడ్డించే వేళ నేలపాలైంది.

ఎందుకిలా జరిగింది? కారణాలు కొన్ని కథలోనివి, కొన్ని కాగితాల మీదివి. హోగన్ ఒప్పందంలో తన పాత్ర గమనంపై తనకే అధికారం ఇచ్చే నిబంధన ఉన్నది. తాను ఎప్పుడు ఓడాలో, ఎలా ఓడాలో నిర్ణయించడంలో అతని మాటకు బలం ఎక్కువ. పెద్ద మల్లులకు గెలుపోటములతో నిమిత్తం లేకుండా హామీగా వేతనాలు అందేవి. కథ వ్రాసే బిషాఫ్ కథలో ముఠా మనిషి. ఇక దుర్యోధనుని తొడ విరిచేదెవరు?

ముఠా పెరిగిన కొద్దీ పలచనైంది. మొదట ముగ్గురు. తరువాత ధనవంతుని వేషంలో టెడ్ డిబియాసీ, భారీకాయుడు ‘జెయింట్’, ఒక రిఫరీ, ఇంకా ఎందరో. పదుల సంఖ్యకు చేరేసరికి, చేరడం గౌరవం కాక రివాజు అయింది. 1998లో ముఠా రెండుగా చీలింది. హోగన్‌ది నలుపు తెలుపు వర్గం. నాష్‌ది నలుపు ఎరుపు వర్గం, దాని పేరు ‘వుల్ఫ్‌ప్యాక్’. ఇంటి మల్లులు కూడ రెండో వర్గంలో చేరసాగారు. దండెత్తి వచ్చినవారెవరో, ఇంటిని కాపాడవలసినవారెవరో చూసేవారికి అంతుపట్టలేదు.

ఈ మధ్యలో నలిగినవారు కింది వరుసలోని చిన్న మల్లులు. వారిలో మెక్సికో సంతతివారు అనేకులు. నైపుణ్యంలో ఎవరికీ తీసిపోరు గాని పై వరుసలో చోటు లేదు. 1998 అక్టోబరులో ఎడీ గెరేరో తమవారిని యాజమాన్యం పట్టించుకోవడం లేదన్న ఫిర్యాదుతో ‘లాటినో వరల్డ్ ఆర్డర్’ అనే ముఠా కట్టాడు. అది కథలో భాగమే. కాని ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కొద్ది నెలలకే దానిని రద్దు చేయించారు. క్రిస్ జెరికో 1999లోను, గెరేరో 2000లోను సంస్థ విడిచి ప్రత్యర్థి పక్షానికి వెళ్లిపోయారు. ఇద్దరూ అక్కడ ప్రపంచ విజేతలైనారు. ఇంటి దీపాలను ఇంటివారే పొరుగింటికి సాగనంపినట్లయింది.

ఒక్క వేలితో

అవతలి పక్షంవారు ఊరకే కూర్చోలేదు. విన్స్ మెక్‌మాన్ పసిపిల్లల వేషాలు వదలిపెట్టి, తానే దుష్టుడైన యజమాని వేషం కట్టాడు. అతనిని ఎదిరించే ఉద్యోగిగా స్టీవ్ ఆస్టిన్ నిలిచాడు. పై అధికారిని ఒక్క దెబ్బ కొట్టాలని ఏ ఉద్యోగికి ఉండదు? 1998 ఏప్రిల్ 13న ఈ ఇద్దరి పోటీ జరుగుతుందని ప్రకటించిన రాత్రి, 83 వారాల పరంపర తెగిపోయింది. భేదం గమనించండి. అక్కడ దుష్టుడైన యజమాని మాటిమాటికీ పరాభవం పొందేవాడు. ఇక్కడ దుష్టుల ముఠా పడిందనిపించి మళ్లీ లేచేది.

డబ్ల్యూ.సి.డబ్ల్యూ.కు మరొక అవకాశం కూడ దొరికింది. గోల్డ్‌బర్గ్ అనే కొత్త మల్లుడు ఓటమి ఎరుగకుండా దూసుకువచ్చి, 1998 జూలై 6న అట్లాంటాలోని జార్జియా డోమ్‌లో సుమారు 40 వేల జనం ఎదుట హోగన్‌ను ఓడించాడు. డిసెంబరు 27న అతని విజయపరంపరను కెవిన్ నాష్ చేత తెంచారు. అదీ న్యాయంగా కాదు. స్కాట్ హాల్ విద్యుదాఘాతపు పరికరంతో కొట్టగా గోల్డ్‌బర్గ్ పడిపోయాడు.

ఇక 1999 జనవరి 4. మళ్లీ జార్జియా డోమ్. గోల్డ్‌బర్గ్, నాష్‌ల మధ్య మరల పోటీ అన్నారు. కథలో గోల్డ్‌బర్గ్‌ను ఒక అబద్ధపు నేరం మీద పోలీసులు పట్టుకుపోయారు. అతని బదులు హోగన్ వచ్చాడు. గంట మోగింది. హోగన్ చూపుడు వేలితో నాష్ రొమ్ముపై అలా పొడిచాడు. అంతే, ఏడడుగుల నాష్ పిడుగు పడ్డ మానులా వెల్లకిల పడ్డాడు. హోగన్ అతని మీద చేయి వేసి ఛాంపియన్ అయినాడు. ఇద్దరూ నవ్వుతూ కౌగిలించుకొన్నారు. చీలిన ముఠా మళ్లీ ఒక్కటైంది.

అదే రాత్రి మరో తప్పిదం జరిగింది. అవతలి కార్యక్రమంలో మిక్ ఫోలీ అనే మల్లుడు ఛాంపియన్ కాబోతున్నాడని, బిషాఫ్ ఆదేశం మేరకు నైట్రో వ్యాఖ్యాత ముందుగానే వెల్లడించి వెక్కిరించాడు. ఫోలీ ఏళ్ల తరబడి దెబ్బలు తిని, పై మెట్టు ఎక్కలేకపోయిన మనిషి. జనానికి అతడంటే ప్రాణం. అతని గెలుపు చూడడానికి లక్షల సంఖ్యలో ప్రేక్షకులు ఛానెల్ మార్చుకొన్నారు. ఎదుటివారి ఉత్కంఠను చంపడానికి వాడిన పాత ఆయుధం తమకే తగిలింది.

ఆ ఒక్క రాత్రితో సంస్థ కూలిపోయిందని కొందరు అంటారు. అది పూర్తిగా నిజం కాదు. 1998 అక్టోబరు తరువాత నైట్రో ఏ వారమూ గెలవలేదు. రోగం అప్పటికే ముదిరి ఉన్నది. అయితే ప్రేక్షకుడు తాను మోసపోయానని స్పష్టంగా తెలుసుకొన్న రాత్రి మాత్రం అదే. నూరా కుస్తీ అని తెలిసి కూడ అతడు టిక్కెట్టు కొంటాడు. కాని నీకు చూపేది నూరా కుస్తీయే, పో, అని ముఖం మీద నవ్వితే అతడు క్షమించడు.

ఆ తరువాతిది పతన పర్వం. 1999 సెప్టెంబరులో బిషాఫ్‌ను తొలగించారు. డిసెంబరులో ముఠాను మరోసారి బ్రతికించబోయారు. బ్రెట్ హార్ట్ తలకు తగిలిన దెబ్బ, ఇతరుల గాయాలు కారణంగా అది కొద్ది వారాలకే మూలపడింది. 2000 సంవత్సరంలో సంస్థ నష్టం ఆరు కోట్ల డాలర్లు దాటిందని లెక్కలు కట్టారు. మాతృసంస్థ ఎ.ఓ.ఎల్.తో విలీనమైంది. కొత్త యాజమాన్యం తమ ఛానెళ్లలో కుస్తీకి చోటు లేదన్నది. 2001 మార్చి 23న డబ్ల్యూ.సి.డబ్ల్యూ. పేరును, పాత చిత్రాలను మెక్‌మాన్ కొన్ని మిలియన్ల డాలర్లకే కొనివేశాడు. మార్చి 26న నైట్రో ఆఖరి ప్రసారం. దండెత్తి వచ్చామని మొదలుపెట్టిన కథ, దండెత్తవలసిన అవసరం లేకుండానే ప్రత్యర్థి చేతికి ఇల్లు అప్పగించడంతో ముగిసింది.

2002లో హోగన్, హాల్, నాష్ ముగ్గురూ మెక్‌మాన్ సంస్థలోనే ముఠాగా కనిపించారు. మార్చి 17న టొరంటోలో, 68 వేలకు పైగా జనం ముందు హోగన్, ‘రాక్’ అనే డ్వేన్ జాన్సన్‌తో తలపడ్డాడు. హోగన్ చెడ్డవాడన్నది కథ. ప్రేక్షకులు కథను లెక్కచేయక అతనికే జేజేలు పలికారు. ఆ రాత్రి హోగన్ ఓడిపోయాడు. ఓడి, ప్రత్యర్థి చేయి కలిపాడు. ఆరేళ్లలో ఆ వేషానికి దక్కిన అత్యంత గౌరవప్రదమైన ఘట్టం ఆ ఓటమే అని మా నమ్మకం. జూలై 15న ముఠాను లాంఛనంగా రద్దు చేశారు.

వేషం మనిషిని మింగినప్పుడు

ఈ కథలో డబ్బు లెక్కలకు అందని నష్టం మరొకటి ఉన్నది. స్కాట్ హాల్ నిజజీవితంలో మద్యానికి బానిస. 1998లో సంస్థవారు ఆ బలహీనతనే కథావస్తువు చేసి, అతడు తూలుతూ రింగులోకి రావడాన్ని ప్రదర్శించారు. నిజానికీ నటనకూ మధ్య గీత చెరపడమే ముఠా విద్య అని పైన చెప్పుకొన్నాము. ఆ విద్య ఇక్కడ తనవాడినే బలిగొన్నది. చూసేవారికి అది వినోదమా, ఒక రోగి దుస్థితా తెలియలేదు. హాల్ చాలా ఏళ్లు కష్టపడ్డాడు. తోటి మల్లుడు డైమండ్ డాలస్ పేజ్ 2013లో అతనిని తన ఇంట చేర్చుకొని కోలుకొనేలా చేశాడు. 2022 మార్చి 14న హాల్ మరణించాడు. హోగన్ 2025 జూలై 24న కన్నుమూశాడు. డేటోనా బీచ్‌లో చెత్త వర్షం మధ్య నిలిచిన ముగ్గురిలో నేడు మిగిలినవాడు నాష్ ఒక్కడే.

ముగింపు

పగటివేషగాండ్లకు ఒక మర్యాద ఉన్నది. ఎన్ని దినాలు ఊరిని నమ్మించినా, చివరి దినమున వేషం విప్పి, తామెవరో చెప్పుకొని, చేతులు జోడించి సంభావన అడుగుతారు. భయపడినవాడు, కోపించినవాడు, మోసపోయినవాడు అందరూ నవ్వి, ఇవ్వగలిగినది ఇస్తారు. నమ్మించడం ఒక విద్య అయితే, సకాలంలో వేషం విప్పడం అంతకు మించిన విద్య. న్యూ వరల్డ్ ఆర్డర్ మొదటి విద్యలో అద్వితీయమైనది, రెండవ విద్య దానికి అబ్బలేదు. ప్రేక్షకుడు సంభావన ఇవ్వడానికి 1997 డిసెంబరులోనే సిద్ధంగా ఉన్నాడు. తీసుకొని దిగిపోవలసినవారు దిగలేదు.

ఈ నీతి కుస్తీ గోదాకే పరిమితం కాదు. అధికారంలో ఉన్నవారికి, సంఘాలకు నాయకత్వం వహించేవారికి, ఆ మాటకు వస్తే ఏటేటా ఎన్నికలలో నిలిచే మా విద్యార్థి మిత్రులకు సైతం ఇది వర్తిస్తుంది. ఇకమీదట మన ఆవరణలో ఆ పాత చర్చ లేచినప్పుడు, కుస్తీ నిజమా, నాటకమా అని వాదులాడుకొనే బదులు, ఆ నాటకం తన ప్రేక్షకునికి చేసిన వాగ్దానం నిలుపుకొన్నదా లేదా అని అడుగుదాము. గోదాలో ఎత్తుగడలు ఎన్ని ఉన్నా, చేయి కలిపి దిగిపోవడం కూడ ఒక ఎత్తుగడేనని, అది తెలియనివాడు ఎంత పెద్ద వస్తాదైనా శిష్యుడేనని మరువకుందాము.